ఇంటిపట్టున ఉపాధి

ఇంటివద్దనే పని చేసి సంపాదించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. నరసాపురం పరిసర గ్రామాలలోని స్త్రీలు పందొమ్మిదవ శతాబ్దం నుండి ఇంటి అరుగులమీద కూర్చుండి లేసు అల్లుతున్నారు. క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ విద్య కాలక్రమంలో ఎగుమతి వ్యాపారమైంది. నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాలలో తునికాకు, పొగాకు తెచ్చుకొని ఇంటివద్ద బీడీలు చుట్టే స్త్రీల సంఖ్య చాల పెద్దది. 2020లో కరోనా విజృంభించిన తరువాత కార్యాలయాల ఉద్యోగాలు సైతం ఇళ్ళకు చేరాయి. ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే మాట పల్లెలలో కూడ వాడుకలోకి వచ్చింది. ఆ మాటకు కలిగిన గౌరవాన్ని మోసగాండ్రు కూడ వాడుకొంటున్నారు. కరెంటు స్తంభాలమీది కాగితాలు మొదలుకొని సెల్‌ఫోనుకు వచ్చే సందేశాల వరకు అంతటా ‘ఇంటివద్దనే నెలకు ముప్పై వేలు’ అనే ప్రకటనలే.

అటువంటి ప్రకటనను చూచినప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ‘జీతం ఎంత?’ అన్నది కాదు. ‘ఆ జీతం ఎవరి డబ్బు?’ అన్నది. నరసాపురంలో లేసు అల్లే స్త్రీకి ఏజెంటు దారం ఇస్తాడు. అల్లిన లేసును వర్తకుడు విదేశాలకు పంపుతాడు. అక్కడ దానిని కొన్నవారు చెల్లించిన సొమ్ములో ఒక చిన్న భాగం చేతులు మారి ఆమెను చేరుతుంది. కూలి స్వల్పమే కావచ్చును, కాని అది వచ్చే దారి కంటికి కనిపిస్తుంది. వస్తువును కొనేవాడు ఎవడో తెలియని పనిలో, పనివాని చేతినుండే ముందుగా డబ్బు కదిలే పనిలో ఆ దారి కనిపించదు.

2019లో హైదరాబాదులో బయటపడిన వేరుశనగ నూనె యంత్రాల వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. లక్ష రూపాయలు చెల్లించినవారికి నూనె తీసే యంత్రం ఇస్తామని, గింజలు తామే సమకూర్చి తీసిన నూనెను తామే తీసికొని నెలనెలా సొమ్ము ముట్టజెప్తామని నిర్వాహకులు నమ్మబలికారు. యంత్రం కంటి ఎదుట ఉన్నది. నూనె కూడ నిజమే. కాని ఆ కొద్దిపాటి నూనె అమ్మగా వచ్చే ధరకు, ఇస్తామన్న సొమ్ముకు పొంతన లేదు. ఇటువంటి పథకాలలో ముందు చేరినవారికి అందేది వెనుక చేరినవారి పెట్టుబడియే. చేరేవారు తగ్గిన నాడు చెల్లింపులు నిలిచిపోతాయి. సభ్యులను చేర్పించడం మీదనే రాబడి ఆధారపడిన పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం నేరంగా పరిగణిస్తుంది.

టైపింగు పని పేర జరిగే మోసం మరొక విధమైనది. ఇందులో మొదట డబ్బు అడుగరు. వందల పుటలు వారం రోజులలో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు తప్పులు లేకుండా పూర్తి చేయాలన్న ఒప్పందంపై సంతకం చేయిస్తారు. అది సాధ్యం కాని పని అని వారికి ముందే తెలుసు. గడువు తీరగానే ‘ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం చెల్లించండి’ అంటూ వకీలు పేరుతో నోటీసు వస్తుంది. కోర్టు అనే మాట వినగానే ఇంటిల్లిపాదీ హడలిపోయి చెల్లించిన సందర్భాలున్నాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మోసంతో పొందిన సమ్మతిమీద ఏర్పడిన ఒప్పందాన్ని మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చును. నోటీసు అందుకొన్నవారు డబ్బు పంపక, దానిని తీసికొని న్యాయవాదివద్దకో పోలీసు స్టేషనుకో వెళ్ళడమే సరియైన మార్గం.

ఇటీవలి కాలంలో అన్నిటికంటె ఎక్కువ నష్టం కలిగిస్తున్నవి ‘టాస్కు’ మోసాలు. వీడియోకు లైకు కొట్టాలని, హోటలుకు మంచి రేటింగు ఇవ్వాలని వాట్సాపులోనో టెలిగ్రాములోనో సందేశం వస్తుంది. తొలి రోజు నూటయాభయో రెండు వందలో నిజంగానే ఖాతాలో పడతాయి. ఆ చిన్న మొత్తమే ఎర. తరువాత ‘ముందుగా చెల్లించే టాస్కులు’ మొదలవుతాయి. తెరమీద లాభం లక్షలలో కనిపిస్తుంది. తీసికొనబోతే పన్ను కట్టాలంటారు. నిజమైన యజమాని పన్నును ఇచ్చే సొమ్ములోనుండి మినహాయించుకొంటాడే గాని, పనివానిని తెచ్చి కట్టమనడు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు ఛేదించిన ఇటువంటి ఒక్క వ్యవహారంలోనే దాదాపు 712 కోట్ల రూపాయలు చేతులు మారినట్లు, దేశవ్యాప్తంగా సుమారు 15 వేలమంది మోసపోయినట్లు వెల్లడైంది. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, అది ఇంకా చేతులు మారకముందే బ్యాంకులలో నిలిపివేయించే అవకాశముంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టినవారికి ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

సంస్థ పేరును కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో ఉచితంగా పరిశీలించవచ్చును. నమోదైన ప్రతి కంపెనీకి 21 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. నమోదైన సంవత్సరం అందులోనే కనిపిస్తుంది. ఇరువది ఏళ్ళ అనుభవం ఉన్నదని చెప్పుకొనే కంపెనీ సంఖ్యలో నిరుటి సంవత్సరం ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. అయితే నమోదు అనేది నిజాయితీకి హామీ కాదు.

పని నిజమైనదని తేలిన తరువాత కూడ లెక్క మిగిలే ఉంటుంది. పుటకు పది రూపాయలు ఇస్తారనుకొందాం. కొత్తవారికి టైపు చేసి సరిచూడడానికి అరగంట పడితే గంటకు వచ్చేది ఇరవై రూపాయలు. తిరస్కరించిన పుటలకు కూలి ఉండదు. కరెంటు, ఇంటర్నెట్టు ఖర్చులు అదనం. ఇది మోసం కాదు, కాని గిట్టుబాటు కూడ కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారిపై 1982లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతినే ఎత్తి చూపింది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుతున్నా అది ‘తీరికవేళల పని’గానే చెలామణి అయింది. తీరిక అన్న పేరువల్లనే ఆ గంటలను ఎవరూ లెక్కించలేదు. కూలి కనీస వేతనానికి ఎంతో దిగువనే ఉండిపోయింది. ప్రకటనలలో ‘ఖాళీ సమయంలో’ అన్న మాట కనిపించినప్పుడల్లా గడియారం చూచుకోవడం మంచిది.

కళాశాల విద్యార్థులను వెదకుకొంటూ వచ్చే ‘పని’ వేరొకటి ఉన్నది. అందులో టైపింగు లేదు, టాస్కులు లేవు. బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్మును కొన్నాళ్ళు అప్పగిస్తే కమీషను ఇస్తామంటారు. పైన చెప్పిన మోసాలలో పోయిన డబ్బు మొదట చేరేది ఇటువంటి అద్దె ఖాతాలలోకే. ఫిర్యాదు అందగానే పోలీసులు ఖాతాదారుని పేరుతోనే దర్యాప్తు ప్రారంభిస్తారు. ఖాతా స్తంభించిపోతుంది. విద్యార్థికి ఉపకారవేతనం జమ అయ్యేది కూడ ఆ ఖాతాలోనే అయితే, అది కూడ అందులోనే చిక్కుకొంటుంది.