జాకెట్టు మాట ఎక్కడిది?

చీర మీదికి తొడుక్కునేది రవికె. కొన్ని ఊళ్లలో రైక అంటారు. జాకెట్టు అని కూడా అంటారు. రవికె మనకు పాత మాట. మరి జాకెట్టు ఎక్కడి నుంచి వచ్చింది?

ఐరోపాలో ఫ్రాన్సు అనే దేశం ఉంది. 650 ఏళ్లకు ముందు అక్కడి పల్లెల్లో ప్రభువులదే పెత్తనం. వాళ్లు మన పాత జమీందార్లలాంటివాళ్లు. రైతుల్ని వాళ్లు 'జాక్' అని పిలిచేవారు. మన ఎల్లయ్య, పుల్లయ్యలాగా జాక్ అక్కడ మామూలు పేరు. ఆ పిలుపులో ఎగతాళి ఉండేది.

యుద్ధాలతో పంటలు పాడయ్యాయి. పన్నులు పెరిగాయి. 1358లో రైతులు తిరగబడ్డారు. కొన్ని వారాల్లోనే ప్రభువులు వాళ్లను అణిచేశారు. వేలమందిని చంపారు.

ఆ కాలంలో పొట్టి కోటును కూడా 'జాక్' అనేవారు. రైతుల పేరు నుంచే ఆ మాట పుట్టిందని చాలామంది పండితులు అంటారు. చిన్న జాక్ 'జాకెట్' అయింది. ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు ఆ మాట తీసుకున్నారు. ఇంగ్లీషువాళ్లతో అది మన దేశం చేరింది. తెలుగువాళ్ల నోట జాకెట్టు అయింది.

మాటతోపాటు అర్థం కూడా మారింది. ఇంగ్లీషులో జాకెట్ అంటే ఆడా మగా వేసుకునే పొట్టి కోటు. మనకేమో అది రవికె. పడవలో వెళ్లేటప్పుడు మునగకుండా తొడుక్కునేది లైఫ్ జాకెట్. పుస్తకం అట్ట మీద తొడిగే కాగితాన్ని కూడా జాకెట్ అంటారు.

జాకెట్టు తొడుక్కునే హక్కు ఒకప్పుడు అందరికీ లేదు. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులం ఆడవాళ్లు రొమ్ము కప్పుకోకూడదని పై కులాలవాళ్లు కట్టడి పెట్టారు. కప్పుకుంటే బట్టలు చింపేవారు. అయినా ఆ ఆడవాళ్లు వెనక్కి తగ్గలేదు. ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1859లో రాజు దిగివచ్చాడు. జాకెట్టు తొడుక్కోవచ్చని హుకుం ఇచ్చాడు. కానీ పై కులాల ఆడవాళ్లలాగా మాత్రం కప్పుకోకూడదని మెలిక పెట్టాడు.

చూశారా! మూరెడు గుడ్డే. దాని పేరులో రైతుల గోడు ఉంది. దాన్ని తొడుక్కోవడం వెనుక ఆడవాళ్ల పోరాటం ఉంది.

మీ ఊళ్లో దాన్ని ఏమంటారు? రవికె అంటారా, రైక అంటారా, జాకెట్టు అంటారా? పలక మీద రాయండి. జాకెట్టు రాసేటప్పుడు 'ట' ఒత్తు మరిచిపోకండి.