మధుమేహము – దేహమునకు జింకు చేయు కావలి

వరినాట్లు వేసిన రెండు మూడు వారములకు లేతాకుల నడిమి ఈనె మొదట పాలిపోయి, పిమ్మట ముదురాకులపై తుప్పువన్నె మచ్చలు కనుపించినచో అది జింకు లోపమని మన రైతులెల్లరు ఎరుగుదురు. ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దమ్ములో వేసి పైరును కాపాడుకొనుచున్నాము. మానవదేహమునకును ఈ లోహము స్వల్పముగా కావలెను. గ్రామములందు హెచ్చుచున్న రెండవ రకపు మధుమేహమునకును దీనికిని గల సంబంధమును సభ్యులకు తెలుపగోరుచున్నాము.

తిన్న అన్నము చక్కెరగా మారి రక్తమున చేరును. దానిని కండరములకు అందించునది క్లోమమున పుట్టు ఇన్సులిను. క్లోమకణములు ఇన్సులినును జింకుతో గూర్చి నిలువచేయును. ఇన్సులిను స్ఫటికములందు జింకు కలదని స్కాట్ అను శాస్త్రజ్ఞుడు 1934లో తెలిపెను.

జింకునకు రెండవ పని కావలి. దేహము ప్రాణవాయువును వినియోగించునపుడు కొన్ని తీక్ష్ణపదార్థములు పుట్టును. రక్తమున చక్కెర హెచ్చిన కొలది ఇవియు హెచ్చి, పొయ్యినుండి చిమ్మిన నిప్పురవ్వలవలె రక్తనాళములను, మూత్రపిండములను, కన్నులను చెరచును. ఆ రవ్వల నార్పు సూపరాక్సైడు డిస్మ్యుటేసు అను ఎంజైమునందు రాగియు జింకును ఉండును. మధుమేహ రోగికి మూత్రము వెంట జింకు అధికముగా పోవును. కావున పలువురి రక్తమున అది తక్కువగా కానవచ్చుచున్నది. నిప్పు హెచ్చువేళనే నీరు తగ్గుచున్నది.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినట్లు దినమునకు పురుషునకు 17, స్త్రీకి 13.2 మిల్లీగ్రాముల జింకు కావలెను. శనగలు, పెసలు, నువ్వులు, వేరుశనగలు, గ్రుడ్లు, మాంసములందు ఇది కలదు. అయితే గింజలలో భాస్వరముతో కూడిన ఫైటేటు జింకును పట్టి విడువదు. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదను నియమము మన మెరిగినదే గదా! గింజలను నానబెట్టి మొలకెత్తించినను, పిండిని పులియబెట్టినను ఆ పట్టు సడలును. రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ రూపొందించి 2016లో విడుదలయిన డి.ఆర్.ఆర్. ధాన్ 45 వంగడపు బియ్యమున జింకు హెచ్చు. అయినను రోగి అన్నమును మితముగనే తినవలెను.

ఎరువుల జింకును చిటికెడైనను నోట వేసికొనరాదు. జింకు బిళ్లలనైనను వైద్యుని సలహా లేక వాడరాదు; మితిమీరినచో దేహమున రాగి తగ్గును. బిళ్లలను నమ్మి వైద్యుడిచ్చిన మందు మానువాడు, జింకు చల్లితినని మడికి నీరు కట్టుట మానిన రైతువంటివాడు.