పిల్లల నడక, పెద్దల చందా

సూరత్ నుండి నవసారి వెళ్ళే దారిలో ఉన్ అనే ప్రాంతం ఉన్నది. 1930 ఏప్రిల్ 2వ తేదీన దండియాత్రికులు దీనికి చేరువలోని డిండోలి, వాంజ్ గ్రామాలలో మజిలీ చేశారు. ఆ నడకను చరిత్ర పాఠంగా చదివే బాలబాలికలలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వలసవెళ్ళిన కుటుంబాల కొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. అటువంటి బడి ఒకటి గ్రంథాలయం నిమిత్తం విరాళాల నడక తలపెట్టినచో పిల్లలను ఏ విధంగా ఉత్సాహపరచాలి? ఈ ప్రశ్న మన కాలనీ పాఠశాలలకూ వర్తించేదే.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. వృద్ధుల సేవకై ధనసహాయం కోరిన శాంసన్ డేనియల్‌కు బ్రిటన్ దాత సెసిల్ జాక్సన్ కోల్ ధనానికి బదులు ధనం సేకరించే విద్యను నేర్పించారు. డేనియల్ దంపతులు లండన్‌లో మూడు మాసాలు శిక్షణ పొంది వచ్చి, ఢిల్లీలో బడిపిల్లలచే నడక జరిపించారు. 1978లో నమోదైన హెల్పేజ్ ఇండియాకు అదే నాంది.

పిల్లలు అడుగుటకు సంకోచిస్తారని ఉపాధ్యాయులు అంటారు. ఎవరి కొరకు అడుగుతున్నారో తెలియనపుడు సంకోచం సహజమే. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు ఆయన దేవదాసీలతోనూ, ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుపట్టింది. అయిదువేల రూపాయల నిధి తెమ్మన్నారు నిర్వాహకులు. దేవదాసీల తోడ్పాటుతోనే ఆ బాలిక ఆ మొత్తాన్ని కూడగట్టింది. కనుక చందా కార్డు చేతికిచ్చుటకు ముందు పిల్లలకు పుస్తకాలు లేని ఆ గదిని చూపించాలి. ఏమి చెప్పి అడగాలో వారికే తోస్తుంది.

బహుమతుల విషయంలో మాకొక అభ్యంతరమున్నది. ఎక్కువ సొమ్ము తెచ్చిన వారికి బహుమతి అంటే అది తండ్రిగారి హోదాకు దక్కే బహుమతి. అధికారి కుమారుని కార్డు ఒక్క పూటలో నిండుతుంది. కాంట్రాక్టు కార్మికుని కుమార్తె పది గడపలెక్కి పది రూపాయల చొప్పున తెస్తుంది. సొమ్మును గాక దాతల సంఖ్యను లెక్కించి, బహుమతిని తరగతి మొత్తానికి ఇచ్చుట మేలు. తండ్రులు ఆ కార్డును తమ సెక్షన్‌లో తిప్పరాదు. పై అధికారి బల్లమీద కార్డు కనబడితే కాదనగల గుమాస్తా ఎవరు?

కిలోమీటరుకింత అని వ్రాసుకొన్న మాట నడక ముగిసిన వారంలోగా వసూలు కాకపోతే మరుగున పడుతుంది. అందుచేత నడిచిన దూరానికి గుర్తుగా మజిలీ మజిలీకి కార్డుపై ముద్ర వేయించి, మరునాడే పిల్లలను రసీదు పుస్తకంతో పంపాలి. కొత్తవీధికి పోయేటపుడు వెంట ఒక పెద్ద ఉండాలి. వచ్చిన మొత్తం, కొన్న పుస్తకాల జాబితా బడి నోటీసు బోర్డుపై అంటించి, నడిచిన పిల్లలచేతనే ఆ పుస్తకాలను అలమరలో సర్దించాలి.