మీ బాబును బస్సు ఎక్కించే ఆయమ్మ పేరు తెలుసా?



బడులు తెరిచి నెల దాటింది. పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాం కుట్టించడం, బస్సు ఫీజు కట్టడం, ఈ హడావుడి అంతా ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చి ఉంటుంది. ఈ నెలలోనే మొదటి పేరెంట్స్ మీటింగ్. మీరు దానికి వచ్చేలోపు ఒక చిన్న ప్రశ్న అడగాలని ఉంది. పొద్దున బస్సు ఎక్కినప్పటి నుంచి సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టేదాకా మీ పాప గానీ బాబు గానీ ఎంతమంది పెద్దవాళ్ల చేతుల మీదుగా వెళ్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

ఐదో తరగతి పాప ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని నేను లెక్కపెట్టించాను. డ్రైవర్ అంకుల్, బస్సు ఆయమ్మ, గేటు దగ్గర వాచ్‌మన్ తాత, క్లాస్ టీచర్, మిగతా సబ్జెక్టులకు ఐదుగురు, పీఈటీ సార్, కంప్యూటర్ మేడం, తమ ఫ్లోర్‌లో ఉండే ఆయమ్మ, ఆఫీసులో అన్న, కోఆర్డినేటర్ మేడం. వేళ్లు సరిపోక మళ్లీ మొదటి వేలికి వచ్చింది. మొత్తం 14 మంది. "వీళ్లలో మీ అమ్మకు ఎవరెవరు తెలుసు?" అని అడిగాను. "మా క్లాస్ టీచర్, ప్రిన్సిపాల్ సార్" అంది. ప్రిన్సిపాల్ సార్ అసలు ఆ 14 మందిలో లేనే లేరు.

ఇందులో తల్లిదండ్రుల తప్పు ఉందని నేననను. మేం ఇచ్చే నంబరు ఆఫీసుది, మెసేజ్‌లు వచ్చేది యాప్ నుంచి, గేటు దాటి లోపలికి రావాలంటే పర్మిషన్. ఇక పరిచయం ఎక్కడ అవుతుంది? అయినా ఈ విషయం నేను ఇంతగా పట్టుకోవడానికి వేరే కారణం ఉంది. దాని వెనక నా తప్పు ఒకటి ఉంది.

బీఈడీ పూర్తి చేసి టీచరుగా చేరిన తొలి ఏడాది నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఒక బాబు మొదట్లో చాలా చురుగ్గా ఉండేవాడు. నోటితో అడిగితే ఇప్పుడైనా టకటకా చెబుతాడు. కానీ దసరా సెలవుల తర్వాత బోర్డు మీది రాత నోటుబుక్కులోకి ఎక్కించడంలో తప్పులు మొదలయ్యాయి. అక్షరాలు తారుమారయ్యేవి, సగం మాటలు వదిలేసేవాడు, ఊరికే పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూసేవాడు. నేను డైరీలో ఎర్ర పెన్నుతో "నాట్ అటెంటివ్" అని రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ వాళ్లమ్మ సంతకం పెట్టి పంపింది. ఆ సంతకానికి ముందు ఇంట్లో ఏం జరిగేదో నాకు చాలా తర్వాత తెలిసింది. టీవీ బంద్, ఆట బంద్, ఒకరోజు దెబ్బలు కూడా.

డిసెంబరులో ఒక సాయంత్రం బస్సుల దగ్గర డ్యూటీ నాది. ఆదిలాబాద్ చలి సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. బస్సు ఆయమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "మేడం, గా పిలగానికి దూరంది కనవడ్తలేదనుకుంట. బస్సు ముంగటికి వచ్చిందాంక నంబరు గుర్తువట్టడు. పక్క పిల్లలు ఉరికితె వాళ్లెనక ఉరుకుతడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మర్నాడు వాళ్లమ్మకు ఫోన్ చేశాను. "అవు మేడం, టీవీకి అతుక్కపోయి చూస్తడు. దగ్గరికి పోవద్దని రోజు తిడ్తనే ఉన్న" అంది. కళ్ల డాక్టరు దగ్గర పరీక్ష పది నిమిషాల్లో అయిపోయింది. దూరపు చూపు తక్కువగా ఉంది, అద్దాలు రాశారు. వారం తిరిగేసరికి నోటుబుక్కు మళ్లీ శుభ్రంగా ఉంది. దూరం కనిపించని పిల్లలు సాధారణంగా ఆ మాట తమంతట తాము చెప్పరు. అందరికీ లోకం అలాగే మసకగా కనిపిస్తుందని అనుకుంటారు.

తప్పుల రాత నాకు తెలుసు. టీవీ సంగతి అమ్మకు తెలుసు. బస్సు నంబరు సంగతి ఆయమ్మకు తెలుసు. ముగ్గురం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు కాబట్టి ఆ బాబు రెండు నెలలకు పైగా తిట్లు తిన్నాడు. అద్దాలు వచ్చాక వాళ్లమ్మ బడికి వచ్చింది. "ఆ ఆయమ్మ పేరేంది మేడం?" అని నన్నడిగింది. రెండేళ్లుగా రోజూ తన కొడుకు చెయ్యి పట్టి బస్సు ఎక్కిస్తున్న మనిషి ఆమె. నిజం చెప్పాలంటే పేరు నాకూ తెలియదు. అందరిలాగే ఆయమ్మా అని పిలిచేదాన్ని. ఆ పేరు ఇక్కడ రాద్దామని అడిగితే ఆమే వద్దంది, అందుకే రాయడం లేదు.

టీచరు ఎవరో ఊరికి తెలియాలన్న మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉన్నారు. గుస్సాడీ కనకరాజు గారి ఊరు కూడా అదే, ఇప్పుడు కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ 1943లో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి, గోండి రాని టీచర్లను తెచ్చి పెట్టలేదు. కొద్దోగొప్పో చదువు వచ్చిన గోండు యువకులనే తీసుకుని, వాళ్లకే శిక్షణ ఇచ్చి బడులకు పంపారు. మొదటి వాచకాలు గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. తన పిల్లవాడికి చదువు చెప్పే మనిషి ఏ ఇంటివాడో తండ్రికి తెలుసు. సందేహం వస్తే తన భాషలోనే అడగొచ్చు. బెట్టీ 1987లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు.

మన బడి అలాంటి ఊరి బడి కాదు. టీచర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పిల్లలు కూడా అంతే. ఒక్క తరగతి గదిలోనే ఇంట్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. మీటింగ్‌లలో నేను గమనించిన సంగతి ఒకటుంది. కొందరు అమ్మలు లోపలికి వచ్చి, ప్రోగ్రెస్ కార్డు చూసి, తల ఊపి వెళ్లిపోతారు. ఇంగ్లిష్ మీడియం బడి కాబట్టి ఇంగ్లిష్‌లో మాట్లాడాలేమో అన్న జంకు. దయచేసి ఆ జంకు పెట్టుకోకండి. ఇంగ్లిష్ చెప్పే నేనే ఇంట్లో తెలుగు తప్ప వేరే భాష మాట్లాడను. మీకు మరాఠీలోనో ఉర్దూలోనో చెప్పుకోవడం తేలికైతే ఆఫీసులో అడగండి, ఆ భాష వచ్చినవాళ్లు స్టాఫ్‌లో ఎవరో ఒకరు ఉంటారు. నానమ్మను తీసుకురావచ్చా అని ఒకరు అడిగారు. తప్పకుండా తీసుకురండి. చాలా ఇళ్లలో పిల్లల సంగతి అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

ఈ మీటింగ్ బడి మీకు చేసే మర్యాద మాత్రమే కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు చేయాల్సిన పనులు రాసి ఉన్నాయి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి, ఇంకా తెలియాల్సిన విషయాలు ఏవైనా చెప్పడం వాటిలో ఒకటి. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మార్కుల గురించి రెండు నిమిషాలు మాట్లాడి, మిగతా సమయం మా బాబు ఎవరి పక్కన కూర్చుంటాడు, ఎవరితో మాట్లాడడు, టిఫిన్ బాక్స్ మొత్తం తింటున్నాడా, ఏ పీరియడ్‌లో నవ్వుతాడు అని అడగండి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పిన టీచరుకు మీ బాబు తెలుసు. తెలియకపోతే మరుసటి వారం నుంచి గమనించడం మొదలుపెడతారు. నన్ను ఒక నాన్న అలా అడిగి ఇరుకున పెట్టారు. అప్పుడు ఇబ్బందిగా అనిపించింది, ఇప్పుడు ఆయనకు థ్యాంక్స్ చెప్పుకుంటాను.

టీచర్ చదువు గురించి అడగొచ్చా అని కొందరు మొహమాటపడతారు. అడగొచ్చు. నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు డీఎల్ఈడీ లాంటి ప్రాథమిక విద్య శిక్షణ, పై తరగతులకు బీఈడీ ఉండాలి. బీఈడీ 2015 నుంచి రెండేళ్ల కోర్సు. బీఈడీ ఒక్కటే ఉంటే ప్రాథమిక తరగతుల టీచరు ఉద్యోగానికి అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి కారణం ఉంది. ఆరేళ్ల పాపకు అక్షరం నేర్పడం, పన్నెండేళ్ల బాబుకు గ్రామర్ చెప్పడం వేర్వేరు విద్యలు. 8వ తరగతి వరకు టెట్ కూడా ఉంది, 150 మార్కులకు. మొదటి పేపర్ 1 నుంచి 5 తరగతులకు, రెండోది 6 నుంచి 8 తరగతులకు. అయితే సర్టిఫికెట్ చూసి సగమే తెలుస్తుంది. మిగతా సగం మీ పాప సాయంత్రం ఇంటికొచ్చి ఆ టీచరు గురించి ఏం చెబుతుందో అందులో ఉంటుంది.

ఎవరిని ఏం అడగాలో తెలిస్తే మీకూ సగం తిరుగుడు తగ్గుతుంది. ఫీజు, రసీదు, సర్టిఫికెట్ల సంగతి ఆఫీసుది. వాటిని క్లాస్ టీచరుతో, అందులోనూ పిల్లల ముందు మాట్లాడకండి. పిల్లలు వింటారు, మనసులో పెట్టుకుంటారు. బస్సు ఆలస్యమైతే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్. ఒక సబ్జెక్టులోనే ఇబ్బంది ఉంటే ఆ సబ్జెక్ట్ టీచరు. ప్రవర్తనలో మార్పు, ముభావంగా ఉండటం, పొద్దున్నే కడుపు నొప్పి అని ఏడవడం లాంటివైతే క్లాస్ టీచరు, ఆలస్యం చేయకుండా. మాకు మాట్లాడటానికి వీలయ్యేది లీజర్ పీరియడ్‌లో గానీ బడి వదిలాక గానీ. పొద్దున ప్రేయర్ టైంలో గేటు దగ్గర పట్టుకుంటే అవును, సరే అనడం తప్ప ఏమీ చెప్పలేం. రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో అడిగినా అంతే. ఆ వేళకు నా ముందు నాలుగు సెక్షన్లవి 140 నోటుబుక్కులు ఉంటాయి.

పీఈటీ సార్‌ను మాత్రం ఎవరూ కలవరు. ఎందుకో నాకు అర్థం కాదు. ఏ పిల్లవాడు పరుగెత్తితే ఆయాసపడుతున్నాడు, ఏ పాపను ఆటలో ఎవరూ జట్టులోకి తీసుకోవడం లేదు అన్నది మా అందరికంటే ముందు కనిపించేది ఆయనకే.

పరిచయం రక్షణ కూడా. బస్సులో వచ్చేవాళ్లు, ఫ్లోర్‌లో ఉండేవాళ్లు ఎవరో మీకు తెలిస్తే కొత్త మనిషి కనిపించినప్పుడు అడగగలుగుతారు. రోజూ తీసుకెళ్లే మనిషి కాక వేరే ఎవరైనా వస్తుంటే ముందే ఆఫీసుకు చెప్పండి. పిల్లలకు కూడా ఇంట్లో ఒక మాట చెప్పి పెట్టండి: బడిలో భయం వేస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు? కనీసం రెండు పేర్లు చెప్పగలగాలి. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. బడిలో పనిచేసే మేమందరం అందులోకి వస్తాం. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు పిల్లలకు నోటికి వచ్చేలా చేయించండి.

చివరగా, మీరు మాతో తరచూ అనే మాట: "ఇప్పుడే పరిచయం అయ్యారు, వచ్చే ఏడు మళ్లీ కొత్త మేడమే కదా." నిజమే. ప్రైవేటు బడుల్లో టీచర్లు మారుతుంటారు, అది దాచాల్సిన విషయం కాదు. అందుకని ఒక పని చేయండి. తెల్ల కాగితం మీద మీ పాప గురించి పది వాక్యాలు మీకు వచ్చిన భాషలో రాయండి. కళ్లద్దాలు, పడని మందు, భయపడే విషయం, బాగా కలిసే స్నేహితురాలు, ఇంట్లో ఈ మధ్య జరిగిన మార్పు ఏదైనా ఉంటే అది. ఈ మీటింగ్‌లో క్లాస్ టీచరుకు ఇవ్వండి, ఒక జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి. టీచరు మారిన రోజు అదే కాగితం కొత్త మేడం చేతికి వస్తుంది.

మీటింగ్ తేదీ, టైం డైరీలో పంపుతున్నాం. వీలైతే కాస్త ఎక్కువసేపు ఉండేలా రండి. డ్రైవర్లు, ఆయమ్మలు సాయంత్రం మూడు దాటాక బస్సుల దగ్గరే ఉంటారు.