ప్రజ్ఞ ఒకటా, అనేకమా?
స్మృతి పాఠంతో ఒక ప్రయత్నం

రెండు పైపులు కలిసేచోట గుండ్రని ఫ్లాంజి ఉంటుంది. దాని చుట్టూ ఎనిమిది బోల్టులు ఉన్నాయనుకుందాం. వాటిని ఏ వరుసలో బిగించాలి? పక్కపక్కనే బిగించుకుంటూ పోతే మధ్యనున్న గ్యాస్కెట్ ఒకవైపు నలిగిపోయి, రెండోవైపు సందు మిగులుతుంది. ఆ సందులోనుంచి ఆవిరో నూనెో కారుతుంది. అందుచేత ఫిట్టరు ఒక బోల్టు బిగించగానే దానికి సరిగా ఎదురుగా ఉన్నదాని దగ్గరకు వెళ్తాడు. తరువాత అడ్డంగా ఉన్న జతను పట్టుకుంటాడు. ఏదీ ఒక్కసారే పూర్తిగా బిగించడు. విడతలు విడతలుగా బిగువు పెంచుతాడు.

కువైట్ నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పారిశ్రామిక ప్రాంతం షుఐబా. అక్కడి చమురుశుద్ధి కర్మాగారం 1968లో మొదలై 2017లో మూతపడింది. ఓడరేవు, విద్యుత్తు, మంచినీటి కేంద్రాలు, రసాయన కర్మాగారాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. కడప, గోదావరి జిల్లాలనుంచి కువైట్ వచ్చినవారిలో పైన చెప్పిన పని చేతికి బాగా పట్టుబడినవారు ఉన్నారు. వారిలో కొందరికి పెద్ద చదువులు లేవు. “మా నాన్న చదువుకోలేదు” అని చెప్పేటప్పుడు మీలో ఎవరైనా గొంతు తగ్గిస్తారా? తెలుగు వాచకం చదవటంలో తడబడే తమ్ముణ్ణి “మొద్దు” అంటారా? ఐతే ఈ పాఠం మీకోసమే.

ప్రజ్ఞను కొలవాలనే ప్రయత్నం పాతదే. బడిలో వెనుకబడి, ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించటానికి ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో ఒక పరీక్ష తయారుచేశాడు. సహాయం చేయటానికి పుట్టిన ఆ పరీక్ష, తరువాతివారి చేతుల్లో మనుషులకు ఒక అంకె తగిలించే సాధనమైంది. 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికన్ మనోవిజ్ఞానవేత్త దీనిని ప్రశ్నించాడు. మెదడుకు దెబ్బతగిలినవారిలో ఒకరికి మాట పోయినా పాట నిలుస్తుంది, మరొకరికి లెక్క వచ్చినా దారి తెలియదు. ఇటువంటి ఆధారాలు చూపి, ప్రజ్ఞ ఒకటి కాదు, ఏడు అన్నాడు. అవి భాష, తర్కం-గణితం, సంగీతం, దేహచలనం, స్థలజ్ఞానం, ఇతరులను అర్థంచేసుకోవటం, తన్ను తాను తెలుసుకోవటం. ప్రకృతిని గుర్తించే ప్రజ్ఞను తరువాత ఎనిమిదవదిగా చేర్చాడు. 12వ తరగతిలో మనోవిజ్ఞానశాస్త్రం తీసుకున్నవారికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఈ ఎనిమిదీ కనిపిస్తాయి.

కనిపించగానే మనం చేసే పని ఏమిటి? ఎనిమిది పేర్లూ బట్టీపట్టి పరీక్షలో రాసి వస్తాం. అనేక ప్రజ్ఞల సంగతిని ఒక్క భాషా ప్రజ్ఞతోనే చదివి ముగించటం వింతే గదా! అలాకాక అదే శాస్త్రంలోని ‘స్మృతి’ పాఠాన్ని పలు దారులలో నేర్చుకొని చూద్దాం.

జ్ఞాపకం పెట్టుకోవలసిన విషయం షుఐబానుంచే తీసుకోండి. సముద్రపు నీరు తాగే నీరు కావటంలోని మెట్లు ఇవి: నీటిని లోపలికి తీసుకోవటం, వడకట్టటం, వేడిచేయటం, ఒత్తిడి తగ్గించిన గదులలోకి పంపి ఆవిరిగా మార్చటం, ఆవిరిని చల్లబరచి నీరుగా పట్టటం, ఆ చప్పటి నీటిలో కొద్దిపాళ్లలో భూగర్భజలం కలపటం. మొత్తం ఆరు. వీటితోపాటు అర్థంలేని ఆరు పదాంశాలను, ‘జుత్’, ‘కెబ్’ వంటివాటిని, మీరే కల్పించండి. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ ఇటువంటి పదాంశాలను తానే వల్లెవేసి, తనమీద తానే ప్రయోగం చేసుకొని, 1885లో ఫలితాలు ప్రకటించాడు. నేర్చుకున్నదానిలో సగానికి పైగా మొదటి గంటలోనే జారిపోయింది. ఆ తరువాత మరపు వేగం తగ్గింది.

రెండు పట్టికలనూ వల్లెవేసి, ఇరవై నిమిషాలకు, గంటకు, మరునాడు ఎన్ని గుర్తున్నాయో చూసి గ్రాఫు గీయండి. లెక్కంటే ఇష్టమున్నవారు ఇక్కడ ముందుకు వస్తారు. రెండు గీతలూ ఒకేలా వంగవు. ఎందుకు వంగలేదో మాటల్లో చెప్పటం మరొకరి వంతు.

తరువాత స్థలజ్ఞానం. ఫహాహీల్‌నుంచి దక్షిణంగా వెళ్లే రోడ్డు మీకు తెలిసినదే. చేపల బజారు, చమురు ట్యాంకులు, పొడవాటి పొగగొట్టాలు, రేవులోని క్రేన్లు — దారిలో ఆరు గుర్తులు ఎంచుకొని ఒక్కొక్కచోట ఒక్కొక్క మెట్టును ఊహలో నిలపండి. ప్రాచీన గ్రీకు, రోమను వక్తలు ఉపన్యాసాలు గుర్తుంచుకున్నది ఈ ఉపాయంతోనే. కర్మాగారాల లోపలికి వెళ్లనక్కరలేదు, వెళ్లనివ్వరు కూడా. రోడ్డుమీదనుంచి కనిపించేవి చాలు.

పాట సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. పాఠాన్ని సినిమా బాణీలో పాడినంతమాత్రాన సంగీత ప్రజ్ఞ పనిచేసినట్లు కాదు. పద్యంలో ఒక మాట మరచిపోతే యతి, ప్రాస, గణాల నడక ఆ మాటను ఎలా వెతికిపెడతాయో గమనించండి. అప్పుడు లయకూ స్మృతికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. మన అష్టావధానులు ఒకవైపు పద్యపాదాలు మనసులో నిలుపుకుంటూ, మరోవైపు గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగానికి బదులు చెబుతారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా చూపిన విద్య ఇది. దీనిని మించిన ఉదాహరణ నాకు తోచదు.

ఇక ఫ్లాంజి దగ్గరకు వద్దాం. ఒక అట్టముక్కమీద ఎనిమిది రంధ్రాలు చేసి నట్లు, బోల్టులు పెట్టండి. ఆ పని తెలిసిన నాన్ననో, బాబాయినో, పక్కింటి మామయ్యనో కూర్చోబెట్టి, “చేతులు కదపకుండా వరుస చెప్పండి” అని అడగండి. చాలామంది తడుముకుంటారు. పానా చేతికివ్వండి, చేయి తనంత తానే ఎదుటి బోల్టుకు వెళ్తుంది. శాస్త్రంలో దీనిపేరు ప్రక్రియా స్మృతి. 1953లో శస్త్రచికిత్స తరువాత కొత్త సంగతులేవీ గుర్తుంచుకోలేకపోయిన హెన్రీ మొలైసన్ అనే రోగికి, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయటం బ్రెండా మిల్నర్ నేర్పింది. తాను అంతకుముందు గీసినట్లే అతనికి గుర్తులేదు. ఐనా రోజురోజుకూ తప్పులు తగ్గాయి. చేతి జ్ఞాపకం, మాటల జ్ఞాపకం వేరువేరని అప్పుడు రుజువైంది. మీ నాన్నగారి చేయి చెప్పే పాఠమూ ఇదే.

ఒక హెచ్చరిక. ఈ ఎనిమిదీ నిజంగా విడివిడి ప్రజ్ఞలని మనోవిజ్ఞానవేత్తలందరూ ఒప్పుకోలేదు. ఒక మానసిక పరీక్షలో బాగా చేసినవారు తక్కిన వాటిలోనూ కొంత బాగా చేస్తారని స్పియర్‌మన్ 1904లోనే చూపాడు. “వీడు చూసి నేర్చుకునే రకం, ఆమె విని నేర్చుకునే రకం” అని విడదీసి బోధిస్తే చదువు మెరుగవుతుందనటానికి తగిన ఆధారం లేదని 2008లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది. నేర్చుకునే రకాలూ తాను చెప్పిన ప్రజ్ఞలూ ఒకటి కావని గార్డ్‌నరే అన్నాడు. కాబట్టి తరగతిలో ఎవరికీ చీటీ అంటించకండి. గ్రాఫు గీసినవాడు బోల్టులూ బిగించాలి, బోల్టులు బిగించిన అమ్మాయి పద్యమూ చెప్పాలి.

వారం తరువాత పట్టికలు చూడకుండా మళ్లీ రాయండి. నీటి మెట్లలో ఎన్ని, పదాంశాలలో ఎన్ని మిగిలాయో అదే గ్రాఫుమీద గుర్తుపెట్టండి. ఏ మెట్టు ఏ దారిన గుర్తొచ్చిందో పక్కనే రాయండి: రోడ్డు గుర్తువల్లనా, లయవల్లనా, ఎవరికైనా వివరించి చెప్పినందువల్లనా? అట్టముక్కను కూడా మరొకసారి చేతిలోకి తీసుకొని, ఈసారి మీ చేయి ఏ బోల్టుకు వెళ్లిందో చూడండి.