మాట ఉంది... బడిలో చోటేది?

కారియాపట్టి: ఇంట్లో అవ్వతో తెలుగు. వీధిలో తమిళం. బడికెళితే తమిళం, ఇంగ్లీషు. విరుదునగర్ జిల్లా కారియాపట్టి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగిళ్ల పిల్లలు పెరిగే తీరిది. వీళ్లకు మాట వచ్చు, అక్షరం రాదు. ఆ మాటను కూడా బడి గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్లాలి.

విజయనగర రాజులు, మదురై నాయకుల కాలంలో తరలివచ్చిన కుటుంబాలు ఈ నల్లరేగడి సీమలో స్థిరపడ్డాయి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షల పైచిలుకు. వారిలో తెలుగు చదవగలిగేవారెందరో మాత్రం ఆ లెక్క చెప్పదు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు నిలవాలంటే ఇల్లు, సెలవు రోజుల తరగతులే దిక్కు.

అ ఆలతోనే చిక్కు

తెలుగు నేర్పాలని ఎవరైనా పూనుకుంటే మొదట చేసేది పలక మీద అ ఆలు దిద్దించడం. అప్పటికే గలగలా మాట్లాడే పిల్లను నోరు మూయించి గీతలు గీయించడమన్నమాట. ఆపైన పుస్తకంలో ‘దుకాణం’ అని ఉంటుంది. పిల్లకు తెలిసింది ‘అంగడి’. ‘అది తప్పు, ఇట్లా అను’ అని రెండుసార్లు దిద్దితే చాలు... మూడోసారి ఆ పిల్ల పెదవి విప్పదు. ఇంట్లో అవ్వ మాట్లాడేదే తప్పనుకుంటుంది. సిగ్గుపడి తమిళంలోకి జారుకుంటుంది.

నలభై నిమిషాలు, నలభై మంది

మాట్లాడటం నేర్పడమంటే పాఠం వల్లెవేయించడం కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరినీ లేపి అడిగితే, నలభై నిమిషాల పీరియడులో తలా ఒక నిమిషమే దక్కుతుంది. అదే ఇద్దరిద్దరిని జతచేసి ‘నిన్న సంతలో ఏం చూశావో చెప్పు’ అంటే ఒకేసారి ఇరవై గొంతులు లేస్తాయి. పది నిమిషాల తర్వాత జత పిల్ల చెప్పింది తిరిగి అందరికీ చెప్పమనాలి. అప్పుడు వినడమూ వస్తుంది. అవ్వ చెప్పిన కత ఒకరు మొదలుపెడితే తలా ఒక వాక్యం కలిపి పూర్తి చేయొచ్చు.

తప్పు దొర్లితే మధ్యలో ఆపకూడదు. చెప్పింది పూర్తయ్యాక అయ్యవారు అదే సంగతిని సరైన మాటల్లో మళ్లీ అంటే చాలు, పిల్లలు పట్టేస్తారు. ‘అంగడి’ తప్పు కాదు, ‘దుకాణం’ ఇంకో మాట అని చెబితే పిల్లకు రెండూ మిగులుతాయి. అక్షరాలు ఆ తర్వాత. పిల్లలు చెప్పిన మాటలనే బోర్డు మీద రాసి చదివిస్తే అక్షరం పరాయిదనిపించదు.

పల్లె మాటకు పట్టం

పల్లె మాట నామోషీ కాదనడానికి సాక్ష్యం ఈ సీమలోనే ఉంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి.రాజనారాయణన్ (1923-2021) ఈ ‘కరిసల్’ నేల తమిళ మాండలికంలోనే కథలు రాశారు, దానికి నిఘంటువూ కూర్చారు. తెలుగు వలస కుటుంబాల గాథను నవలలుగా మలిచి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. కాలేజీ చదువు లేకున్నా పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. అయితే ఆయన రాసింది తమిళంలో. ఇక్కడి తెలుగు పలుకుబడి ఇంకా చాలావరకు నోళ్లలోనే ఉంది.

అటు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి (1863-1940) చేసిందీ ఇలాంటిదే. సవరల భాష తాను నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు.

తమిళానికీ మేలే

ఇంటి మాటకు చోటిస్తే తమిళం వెనకబడుతుందన్న భయం అక్కర్లేదు. కన్ను-కణ్, పాలు-పాల్, ఊరు-ఊర్... రెండూ అక్కచెల్లెళ్లే. తెలుగులో కత చెప్పిన పిల్లను అదే కత తమిళంలో చెప్పమంటే సంగతి వెతుక్కునే పని ఉండదు, మాటలు పోగేసుకుంటే చాలు. 2022లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఎణ్ణుం ఎళుత్తుం’ పథకం చిన్న పిల్లలకు ఆటలు, పాటలు, కతలతో చదువు చెప్పేందుకే. ఆ కతల వేళలో ఒక తెలుగు కత వింటే పోయేదేమీ లేదు.

లిపి ఇరవై ఏళ్లకైనా నేర్చుకోవచ్చు. అవ్వ నోట వినాల్సిన మాట మాత్రం అవ్వ ఉండగానే వినాలి. వారానికొక పూట ఆమెను తరగతికి పిలిచి కత చెప్పించడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు... ఒక కుర్చీ వేస్తే చాలు.