నీళ్ల పెయింటు, పొడి గాలి

మే నెలలో అనంతపురంలో ఎయిర్ కూలర్ హాయిగా చల్లబరుస్తుంది. అదే కూలర్ విశాఖలో పెడితే ఉక్కపోతే మిగులుతుంది. కారణం మనకి తెలిసిందే: గాలి పొడిగా ఉంటే నీరు చకచకా ఆవిరవుతుంది. కూలర్‌కి వరమైన ఈ గుణమే, కారుకి నీటి ఆధారిత పెయింట్ కొట్టేవాళ్లకి తలనొప్పి.

అసలు ఈ పెయింట్ ఎందుకొచ్చింది? పాత రంగుల్లోని థిన్నర్ ఆరేటప్పుడు గాల్లో కలిసి, ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో చర్య జరిపి ఓజోన్ పుట్టిస్తుంది. అందుకే కారు రిపేరు రంగుల్లో సాల్వెంట్‌కి యూరప్‌లో 2007 నుంచి, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 2008 నుంచి గట్టి పరిమితులు పెట్టారు. బేస్‌కోట్‌లో థిన్నర్ స్థానంలోకి నీరొచ్చింది.

థిన్నర్‌కి గాల్లో తేమతో పెద్దగా పనిలేదు. నీటికి ఉంది. చిన్న లెక్క చూద్దాం. 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న ఒక ఘనమీటరు గాలి ఇంకా 7 గ్రాముల నీటిని తీసుకోగలదు. 40 డిగ్రీలు, 15 శాతం తేమ అయితే దాదాపు 43 గ్రాములు. ఆరు రెట్ల దాహమన్నమాట!

గన్‌కి, డోర్‌కి మధ్య దూరం జానెడే. ఆ కాస్తలోనే తుంపర్లు నీటిని పోగొట్టుకుని, సగం ఎండి రేకు మీద పడతాయి. ఒకదాంతో ఒకటి కలవవు, పొర గరుకుదేలుతుంది. దీన్నే డ్రై స్ప్రే అంటారు. మెటాలిక్ రంగుల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. అల్యూమినియం పొలుసులు సాఫీగా పడుకోవాలంటే తడి కావాలి. లేకపోతే అడ్డదిడ్డంగా నిలిచిపోయి షేడ్ మారుతుంది. కొత్తగా రంగేసిన డోర్ వేరే కారుదిలా కనిపిస్తుంది. మళ్లీ రుద్ది, మళ్లీ కొట్టే ఖర్చు షెడ్డు వాళ్ల నెత్తినే.

మరి ఏం చేయాలి? పొడి వాతావరణం కోసం నెమ్మదిగా ఆరే రెడ్యూసర్లు దొరుకుతాయి. డేటా షీట్ చెప్పినంత అది కలపాలి, కుళాయి నీళ్లు కాదు. పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ఒక వరస అంచు ఆరకముందే పక్క వరస కలపాలి. బ్లోవర్ గాలి పొర పరుచుకున్నాకే పెట్టాలి. నేల తడిపితే తేమ కొంత పెరుగుతుంది, దుమ్మూ అణుగుతుంది.

చివరిగా ఒక్క మాట. నీళ్ల పెయింటే కదా అని మాస్కు తీసేయకూడదు. పైన కొట్టే టూ-కే క్లియర్‌కోట్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి, అవి ఆస్తమా తెప్పించగలవు. షేడ్ తేడా వస్తే మళ్లీ కొట్టొచ్చు, ఊపిరితిత్తులకి రెండో కోటింగ్ లేదు.